మీట ఒకటి, అర్థములు అనేకము

హార్మోనియము వాయించువానిని గమనింపుడు. ఒకటవ శ్రుతిలో పాడు గాయకునకు ఐదవ తెల్లకట్టె పంచమము పలుకును. ఐదవ శ్రుతిలో పాడు గాయని వచ్చి కూర్చున్నచో అదే కట్టె షడ్జమగును. కట్టె మారలేదు, దాని క్రింద పలుకు నాదమును మారలేదు. దానికి మనమిచ్చు పేరు మాత్రమే మారినది.

నేటి కంప్యూటరు కీబోర్డులోని ప్రతి మీటయు ఇట్టిదే. మీటపై ‘ఏ’ అను ఆంగ్లాక్షరము అచ్చువేసి యున్నను, ఆ మీట యంత్రమునకు చెప్పునది ‘ఏ’ అని కాదు. ‘30వ సంఖ్య గల మీట నొక్కబడినది’ అని మాత్రమే చెప్పును. దానిని ఆంగ్లాక్షరముగా చదువవలెనా, తెలుగు ఓత్వముగా చదువవలెనా, లేక ‘పంక్తి మొదటికి పొమ్ము’ అను ఆజ్ఞగా గ్రహింపవలెనా అనునది తరువాత జరుగు నిర్ణయము. ఆ నిర్ణయము ఎవరిది? కీబోర్డును తయారుచేసిన కర్మాగారముదా, ప్రోగ్రామును వ్రాసినవానిదా, లేక ఎదుట కూర్చుండి వ్రాసికొను మనుష్యునిదా? మీటల చరిత్ర యంతయు ఈ ప్రశ్నకు కాలక్రమమున లభించిన సమాధానముల చరిత్రయే.

ఉక్కుకడ్డీ నుండి సంకేతమునకు

అమెరికాలో షోల్సు, గ్లిడెన్, సూలె అనువారు 1868లో టైపురైటరునకు పేటెంటు పొందిరి. 1874లో రెమింగ్టను సంస్థ దానిని విక్రయింప నారంభించెను. ఆ యంత్రములో మీటకును అక్షరమునకును నడుమ ఉన్నది లోహపు కడ్డీ. మీటను నొక్కినచో కడ్డీ లేచి, దాని కొననున్న అచ్చు కాగితముపై పడును. ఆ సంబంధమును మార్పవలెనన్న కడ్డీని విరిచి మరల అతుకవలసినదే. 1878లో వచ్చిన రెమింగ్టను రెండవ నమూనాలో ఒక్కొక్క కడ్డీకి పెద్దక్షరము, చిన్నక్షరము అని రెండేసి అచ్చులు అమర్చిరి. ఒక ప్రత్యేకమైన మీటను నొక్కినచో కాగితమును మోయు బండి కొంచెము జరిగి రెండవ అచ్చునకు ఎదురు వచ్చును. ‘షిఫ్టు’ అనగా జరుపుట. నేడు ఏదియు జరుగకున్నను ఆ మీటకు ఆ పేరే నిలిచిపోయినది.

టెలిగ్రాఫు ఈ కడ్డీకి మారుగా సంకేతమును తెచ్చెను. ఫ్రాన్సు దేశీయుడైన బోదో 1874లో పేటెంటు పొందిన పద్ధతిలో ప్రతి అక్షరము ఐదు విద్యుత్సంకేతముల కూర్పు. ఐదింటితో 32 కూర్పులు మాత్రమే సాధ్యము. తరువాత 1963లో ఆస్కీ అను ప్రమాణము ఏర్పడెను. ఇందు ఏడు అంకముల కూర్పుతో 128 సంకేతములు కలవు. పెద్ద ‘ఏ’ అక్షరమునకు సంఖ్య 65, ‘జి’కి 71, ‘హెచ్’కు 72, ‘ఎమ్’కు 77. కంట్రోలు అను మీటను పట్టుకొని వీనిలో దేనినైన నొక్కినచో ఆ సంఖ్యనుండి 64 తగ్గి పోవును. కంట్రోలుతో ‘జి’ నొక్కినచో 71 కాస్త 7 అగును. ఆవలి యంత్రములో గంట మ్రోగును. ‘హెచ్’ నొక్కినచో 8, అనగా ఒక అడుగు వెనుకకు. ‘ఎమ్’ నొక్కినచో 13, అనగా బండి పంక్తి మొదటికి మరలును.

ఈ ఏర్పాటు పొదుపైనదే గాని, ఇందొక లోపము కలదు. అర్థమును కీబోర్డే నిర్ణయించి పంపుచున్నది. 13 అను సంఖ్య వచ్చినచో, అది రిటర్ను మీటనుండి వచ్చినదో, కంట్రోలుతో ‘ఎమ్’ నొక్కగా వచ్చినదో ఆవలివారికి తెలియదు. షిఫ్టును మాత్రము నొక్కి వదలినచో ఏ సంకేతమును పోదు. మీటపైనుండి వ్రేలు ఎప్పుడు లేచినదో అసలే తెలియదు. వ్రాయువాడు చేసిన పనిలో కొంత దారిలోనే లుప్తమగుచున్నది.

మీట తన పేరు మరచుట

ఈ లోపమునకు మందు ఏమనగా, కీబోర్డు అర్థము చెప్పుట మానుకొని, జరిగినది జరిగినట్లు చెప్పుట. 1973లో జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనశాలలో ‘ఆల్టో’ అను కంప్యూటరును నిర్మించిరి. దానిలో ప్రతి మీటకు యంత్రపు జ్ఞాపకములో ఒక్కొక్క అంకము కేటాయింపబడినది. మీట క్రిందనున్నదా, పైనున్నదా అనునది మాత్రమే అందు కనబడును. ఎన్ని మీటలనైన ఒకేసారి నొక్కవచ్చును. అర్థము చెప్పుకొనుట ప్రోగ్రాము వంతు. 1981లో వచ్చిన ఐబియం వ్యక్తిగత కంప్యూటరు కీబోర్డులో 83 మీటలు కలవు. అది మీటను నొక్కినప్పుడు ఒక సంఖ్యను, వదలినప్పుడు దానికి 128 కలిపి మరియొక సంఖ్యను పంపెడిది. ‘ఏ’ మీట నొక్కినచో 30, వదలినచో 158.

ఇదే కాలమున మాసచూసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో, అనగా ఎంఐటిలో, మరియొక ప్రయోగము జరిగెను. 1970ల చివరి భాగమున అచ్చట జాన్ కుల్ప్ అను నిర్మాత లిస్పు యంత్రముల కొరకు ఒక విచిత్రమైన కీబోర్డును రూపొందించెను. ఇతర మీటల అర్థమును మార్చుటకు మాత్రమే పనికివచ్చు మీటలను తోడు మీటలు అందము. ఆ కీబోర్డులో షిఫ్టు, కంట్రోలు మాత్రమే గాక మెటా, సూపర్, హైపర్ మున్నగు తోడు మీటలుండెను. ఆ కీబోర్డు కాలగర్భమున కలిసిపోయినను, మెటా, సూపర్, హైపర్ అను పేర్లు తరువాతి పద్ధతులలోనికి వారసత్వముగా సంక్రమించినవి.

విండోల పద్ధతి తెచ్చిన చిక్కు

ఒకే తెరపై అనేక ప్రోగ్రాములు తమ తమ విండోలు తెరచుకొని పనిచేయు కాలము వచ్చినప్పుడు మీటల సమస్య క్రొత్త రూపము దాల్చెను. 1983లో ఎంఐటిలో, డిజిటల్, ఐబియం సంస్థల తోడ్పాటుతో ‘ఎథీనా’ అను ప్రణాళిక ఆరంభమయ్యెను. విద్యార్థుల ముందు వేర్వేరు సంస్థలు చేసిన యంత్రములుండును. కాని ఒకే ప్రోగ్రాము అన్నిటిపై పనిచేయవలెను. ఒక గదిలోని యంత్రముపై నడచు ప్రోగ్రాము మరియొక గదిలోని తెరపై తన విండోను చూపగలుగవలెను. ఈ అవసరమునకై 1984లో రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెట్టిస్ అనువారు స్టాన్‌ఫర్డు నుండి వచ్చిన ‘డబ్ల్యు’ అను విండోల పద్ధతిని ఆధారముగా గొని క్రొత్త పద్ధతిని వ్రాసిరి. ఆంగ్ల వర్ణమాలలో ‘డబ్ల్యు’ తరువాతి అక్షరము ‘ఎక్స్’ కావున దానికి ‘ఎక్స్’ అనియే పేరిడిరి. దాని పదునొకండవ రూపము 1987 సెప్టెంబరులో వెలువడెను.

ఇందలి చిక్కును ఆలోచింపుడు. ప్రోగ్రాము ఒకచోట నడచుచున్నది. వ్రాయువాడు వేరొకచోట నున్నాడు. అతని ముందున్న కీబోర్డు ఏ సంస్థ చేసినదో ప్రోగ్రామునకు తెలియదు. ఒక సంస్థవారి కీబోర్డులో ‘ఏ’ మీటకొక సంఖ్య, వేరొకరి దానిలో వేరొక సంఖ్య. ప్రోగ్రాము వ్రాయువాడు లోకములోని కీబోర్డుల నన్నిటిని నేర్చుకొనుట సాధ్యమా?

ఎక్స్ నిర్మాతలు ఈ ముడిని రెండు పేర్లతో విప్పిరి. మొదటిది మీట సంఖ్య. ఇది 8 మొదలు 255 వరకు ఉండును. కీబోర్డులో ఆ మీట యొక్క స్థానమును మాత్రమే తెలుపును. రెండవది మీట చిహ్నము. ఇది మీట యొక్క అర్థమునకు పేరు. చిన్న ‘ఏ’కు చిహ్నము 97, పెద్ద ‘ఏ’కు 65, రిటర్నునకు 65293. ఈ చివరి సంఖ్య విచిత్రముగా తోచవచ్చును. 65280 అను మెట్టు పైన ఆస్కీలోని పాత 13ను కూర్చుండబెట్టినచో వచ్చునది ఇదే. అయితే ఇప్పుడు రిటర్ను వేరు, కంట్రోలుతో ‘ఎమ్’ వేరు. పాత గందరగోళము తొలగినది.

ఈ రెంటి నడుమ ఒక పట్టిక కలదు. తెరను, కీబోర్డును అధీనములో నుంచుకొను ప్రోగ్రామునకు ఎక్స్ పద్ధతిలో సర్వరు అని పేరు. పట్టిక దాని వద్దనే ఉండును. మీట నొక్కబడినప్పుడు సర్వరు అక్షరమును పంపదు. మీట సంఖ్యను, ఆ క్షణమున పట్టుకొనియున్న తోడు మీటల స్థితిని మాత్రమే పంపును. తోడు మీటలకు ఎనిమిది స్థానములు కలవు: షిఫ్టు, లాకు, కంట్రోలు, మరి ఐదు పేరు పెట్టక విడిచినవి. ప్రోగ్రాము తన వద్దనున్న పట్టిక ప్రతిని చూచి చిహ్నమును తెలిసికొనును. ఎవరైన పట్టికను మార్చినచో సర్వరు ప్రోగ్రాములన్నిటికి ‘పట్టిక మారినది, క్రొత్త ప్రతి తీసికొనుడు’ అని చాటింపు వేయును. దండోరా విన్న ప్రోగ్రాము సరిదిద్దుకొనును. విననిది పాత అర్థమునే పట్టుకొని వ్రేలాడును.

చిటికెనవ్రేలి కష్టము

పట్టికను మార్చు అధికారము వాడుకరి చేతికి వచ్చినది. దీని విలువ ఒక చిన్న ఉదాహరణము వలన తెలియగలదు. 1981 నాటి ఐబియం కీబోర్డులో కంట్రోలు మీట ‘ఏ’ మీటకు ఎడమ ప్రక్కనే ఉండెడిది. 1980ల నడుమ వచ్చిన పెద్ద కీబోర్డులో ఆ స్థానమును క్యాప్సులాకునకిచ్చి, కంట్రోలును అడుగు మూలకు త్రోసివేసిరి. నిమిషమునకు పలుమార్లు కంట్రోలును వాడు ప్రోగ్రామర్ల చిటికెనవ్రేలికి ఇది శ్రమయే. కర్మాగారము చేసిన నిర్ణయమును కడ్డీల కాలములోనైనచో భరింపవలసినదే.

ఎక్స్ పద్ధతిలో ‘ఎక్స్‌మాడ్‌మ్యాప్’ అను చిన్న ప్రోగ్రాముతో ఆరు పంక్తులు వ్రాసినచో ఈ రెండు మీటలు స్థానములు మార్చుకొనును. రెండు పంక్తులు చాలవా యన్న, చాలవు. చిహ్నముల పట్టిక వేరు, తోడు మీటల పట్టిక వేరు. తోడు మీటల పట్టికలో వ్రాసియుండునది మీట సంఖ్య, చిహ్నము కాదు. కావున చిహ్నములను మాత్రము తారుమారు చేసినచో, పేరు కంట్రోలు అని పిలువబడు మీట పని మాత్రము లాకు పనియే చేయును. అందుచేత మొదట రెంటిని తోడు మీటల పట్టికనుండి తొలగించి, పిమ్మట చిహ్నములు మార్చి, తరువాత మరల చేర్పవలెను. ఆ ఆరు పంక్తులనే రెండవమారు నడపినచో మీటలు యథాస్థానమునకు వచ్చును!

చిహ్నము నుండి చేష్టకు

అక్షరము తెలిసినంతమాత్రమున పని ముగియదు. ఆ మీట ఏ పని చేయవలెను? ఎక్స్ తోడివచ్చిన ఉపకరణముల సంపుటిని జోయల్ మెక్‌కార్మక్, పాల్ అసెంటె, రాల్ఫ్ స్విక్ అనువారు రూపొందించిరి. వీరిలో అసెంటె పూర్వము స్టాన్‌ఫర్డులో ‘డబ్ల్యు’ పద్ధతిపై పనిచేసినవాడే. వీరి ఏర్పాటులో ప్రోగ్రాము వ్రాయువాడు తన ప్రోగ్రాము చేయగల పనులకు పేర్లు పెట్టును: ‘పంక్తి మొదటికి పోవుట’, ‘తరువాతి అక్షరమును చెరపుట’, ఇత్యాదులు. ఏ మీటకు ఏ పని అనునది వేరొక పట్టికలో ఉండును. ఆ పట్టిక మామూలు వ్రాతలో నుండును గనుక, ప్రోగ్రామును ముట్టుకొనకయే వాడుకరి తన సొంత ఫైలులో దానిని మార్చుకొనవచ్చును. కంట్రోలుతో ‘ఏ’ నొక్కినచో పంక్తి మొదటికి పోవుట ఆ పట్టికలోని ఒక వరుస మాత్రమే.

ఇట్లు ఒకదానిపై నొకటిగా పొరలు పెరిగినందున కలహములును పెరిగినవి. వీనిలో ప్రసిద్ధమైనది చెరపు మీట కలహము. డిజిటల్ సంస్థవారి టెర్మినళ్లలో ఆ మీట 127 అను సంకేతమును పంపెడిది. మరికొన్ని యంత్రములలో 8ని పంపెడిది. 8 అనగా పైన చెప్పిన కంట్రోలు ‘హెచ్’ గదా! ఈమాక్సు అను సుప్రసిద్ధ ప్రోగ్రాములో కంట్రోలు ‘హెచ్’ అన్నచో ‘సహాయము చూపుము’ అని అర్థము. కావున తప్పు చెరపుకొనబోయిన మనుష్యునకు తప్పు చెరగలేదు సరిగదా, సహాయ పుట తెరచుకొనెడిది. ఇందు ఏ ఒక్క పొరయు తప్పు చేయలేదు. ఒక పొర చెప్పినదానిని మరియొక పొర వేరుగా అర్థము చేసికొన్నది. ఆస్కీ నాటి రెండర్థముల సంకేతము ఇరువదేండ్ల పిమ్మటను వెంటాడుట ఇందువలననే.

రెండు మీటలు నొక్కలేని చేయి

మొదటి పట్టికకు హద్దులుండెను. ఒక మీటకు ప్రమాణముగా రెండు గుంపులు, గుంపునకు రెండేసి చిహ్నములు. అంతకు మించి భాషలు వాడువారికి ఇది చాలదు. సిలికాన్ గ్రాఫిక్సు సంస్థకు చెందిన ఎరిక్ ఫార్ట్యూన్ రచించిన ‘ఎక్స్‌కెబి’ అను విస్తరణము 1996లో ఎక్స్ పద్ధతిలో ప్రమాణముగా చేరెను. ఇందు నాలుగు గుంపులు, గుంపునకు పలు అంతస్తులు కలవు. అంతకంటె ముఖ్యమైనది, మీటకు చిహ్నముతోపాటు చేష్టను కూడ సర్వరులోనే జతపరచు ఏర్పాటు.

ఉదాహరణమునకు తోడు మీటకు మూడు విధములైన చేష్టలు కలవు. పట్టుకొనియున్నంతసేపు పనిచేయుట ఒకటి. నొక్కి వదలిన పిమ్మట తరువాతి ఒక్క మీటకు మాత్రము పనిచేయుట రెండవది. మరల నొక్కువరకు నిలిచియుండుట మూడవది. ఇది చదువుటకు చిన్న భేదముగా తోచును. కాని ఒకే చేయి గలవానికి, వ్రేళ్లు వణకు వృద్ధునకు, నోటితో కర్రపుల్ల పట్టుకొని మీటలు నొక్కువానికి షిఫ్టును పట్టుకొని ఇంకొక మీటను నొక్కుట అసాధ్యము. రెండవ విధపు చేష్ట ఉన్నచో అతడు ఒకదాని తరువాత ఒకటి నొక్కి పెద్దక్షరమును వ్రాయగలడు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ట్రేసు కేంద్రము వికలాంగుల కొరకు ఇట్టి ఏర్పాట్లను 1980లలోనే రూపొందించెను. పొరపాటున తగిలిన మీటను లెక్కచేయకుండుట, వణకు వలన రెండుమార్లు పడిన దెబ్బను ఒకటిగా గ్రహించుట, మీటలతోనే తెరపై బాణమును కదలించుట మున్నగునవి ఎక్స్‌కెబిలో భాగములైనవి. మీటకును అర్థమునకును గల ముడిని విప్పుట వలన కలిగిన లాభములలో ఇది మిక్కిలి మానవీయమైనది.

తెలుగు మీటలు

ఈ కథలో తెలుగువారికిని భాగమున్నది. భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ 1986లో భారతీయ లిపుల కన్నిటికి ఉమ్మడియైన మీటల అమరికను రూపొందించి, 1988లో సవరించెను. ఇదియే ఇన్‌స్క్రిప్టు. 1991లో ఇది భారతీయ ప్రమాణమునందు చేరెను. ఇందు అచ్చుల గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉండును. ‘కే’ మీటకు ‘క’, షిఫ్టుతో ‘ఖ’. ‘డి’ మీటకు పొల్లు. ‘జె’ మీటకు ‘ర’. ‘క్ర’ వ్రాయవలెనన్న ‘క’, పొల్లు, ‘ర’ అను మూడు మీటలను వరుసగా నొక్కవలెను. మూడును కలిపి ఒక రూపముగా తెరపై గీయుట వేరొకరి పని. ‘క’ నొక్కిన మీటయే హిందీ అమరికలో ‘क’కు బదులైన దేవనాగరి కకారమును, కన్నడములో కన్నడ కకారమును ఇచ్చును. ఒక భాషలో వ్రాయనేర్చిన వ్రేళ్లు వేరొక భాషకును పనికివచ్చును.

1991లోనే వెలువడిన యూనికోడు మొదటి సంపుటములో తెలుగునకు 128 స్థానముల వరుస కేటాయింపబడినది. అందు ‘క’ సంఖ్య 3093. ఎక్స్ పద్ధతిలో యూనికోడు సంఖ్యకు ఒక పెద్ద స్థిరసంఖ్యను కలిపి దానినే మీట చిహ్నముగా వాడు ఏర్పాటు కలదు. కావున లైనక్సు యంత్రముపై 45వ మీట నొక్కినప్పుడు, తెలుగు గుంపు అమలులో నున్నచో ‘క’, ఆంగ్ల గుంపు ఉన్నచో ‘కే’ లభించును. భారతీయ భాషల పట్టికలో తెలుగు ఒక విభాగము. అందు ఇన్‌స్క్రిప్టు గాక సరళ అను పేరుగల అమరికయు, ఆంగ్లాక్షరముల ధ్వనిని అనుసరించునదియు కలవు. ఇచ్చట గమనింపవలసినది ఏమనగా, దీనికై ఒక్క క్రొత్త మీటనైనను పోతపోయలేదు. ఒక్క కడ్డీనైనను అతుకలేదు. తెలుగక్షరములు అచ్చులేని కీబోర్డుపైననే తెలుగు వ్రాయగలుగుచున్నాము. మీట తన పేరు మరచినందుననే మన అక్షరములకు దానిపై చోటు దొరికినది.

పంచుకొన్న పట్టిక – పంచుకొన్న రహస్యము

ఐతే ఎక్స్ పద్ధతికి ఒక బలహీనత యుండెను. పట్టిక అందరిది కావున ఒక ప్రోగ్రాము మార్చినచో అందరికి మారును. అంతకంటె తీవ్రమైనది, ఒకే తెరపై నున్న ఏ ప్రోగ్రామైనను ఏ మీటలు నొక్కబడియున్నవో సర్వరును అడిగి తెలిసికొనగలదు. ఒక విండోలో టైపుచేయు రహస్యపదమును ప్రక్క విండోలోని ప్రోగ్రాము కనిపెట్టవచ్చును. ఒకరినొకరు నమ్ముకొని పనిచేసిన 1980ల విశ్వవిద్యాలయ వాతావరణములో పుట్టిన ఏర్పాటు ఇది. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ ఆరంభించిన ‘వేలాండు’ పద్ధతిలో, మీటల వార్త ఏ విండో ఎదుట వాడుకరి పనిచేయుచున్నాడో ఆ విండోకు మాత్రమే పోవును. కాని విచిత్రమేమనగా, పట్టికను మాత్రము వారు మార్చలేదు. ఎక్స్‌కెబి రూపములోని మీటల పట్టికనే ప్రోగ్రామునకు వ్రాతరూపమున అందజేయుదురు. ‘ఏ’ మీట లైనక్సు లోపల నేటికిని 30. ఎక్స్ వాడుకలో మొదటి ఎనిమిది సంఖ్యలను విడిచిపెట్టినందున 38. ఐబియంవారు 1981లో ఇచ్చిన సంఖ్య, ఎక్స్ నిర్మాతలు 1987లో విడిచిన ఎనిమిది, రెండును అట్లే నిలిచియున్నవి.

టైపురైటరు మీట ఒక్క అక్షరమునకే బానిస. టెలిగ్రాఫు మీట ఒక సంకేతమునకు కట్టుబడినది. విండోల పద్ధతిలోని మీట ఏ అర్థమునకును కట్టుబడక, ‘నేను నొక్కబడితిని’ అని మాత్రము చెప్పి ఊరకున్నది. ఆ మౌనము వలననే ప్రోగ్రామరు చిటికెనవ్రేలికి విశ్రాంతి లభించినది. రెండు మీటలు నొక్కలేనివానికి పెద్దక్షరము లభించినది. తెలుగువానికి తన ఒత్తులు, గుణింతములు లభించినవి. హార్మోనియపు కట్టె వలె మీట ఎవరి శ్రుతికి వారికి పలుకుచున్నది. శ్రుతిని నిర్ణయించుకొను హక్కు పాడువానిది.